ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టే ముందు

నర్సు ఫారం తెచ్చి "ఇక్కడ పెట్టండి" అనగానే పెన్ను తీయకండి. ప్రాణం మీదికి వచ్చిన సందర్భం కాకపోతే, అడిగి తెలుసుకునే వ్యవధి ఉంటుంది.

• ఫారం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో వివరించమనండి. ఏ ఆపరేషన్, ఏ వైపు, ఎవరు చేస్తారు? ఖాళీలు నింపని కాగితం మీద సంతకం వద్దు.

• రోగి మేజరై, స్పృహలో ఉంటే సంతకం రోగిదే. "నాన్నకు చెప్పకండి డాక్టరు గారూ, భయపడతాడు" అనడం మన ఇళ్లలో మామూలే. ప్రేమతోనే అంటాం. కానీ గది బయట గుసగుసలు విన్న మనిషి అంతకన్నా పెద్ద జబ్బునే ఊహించుకుంటాడు. అందుకే రోగికే చెప్పి, ఆపరేషన్‌కు విడిగా అనుమతి తీసుకోవాలి; పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు చెల్లదని 2008లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

• షుగర్, బీపీ మాత్రలు, రక్తం పలచబరిచే మాత్రలు, నాటువైద్యం, తాగుడు, గతంలో పడని మందులు: ఏదీ దాచొద్దు. పేర్లు గుర్తుండవు కాబట్టి మాత్రల అట్టలే సంచిలో వేసుకెళ్లండి.

• విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పండి. "అంటే రేపు పొద్దున ఆరు నుంచి నీళ్లు కూడా ఇవ్వకూడదు, అంతేనా అండీ?" పొరపాటు ఉంటే అక్కడే బయటపడుతుంది. నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే.

• ఇంటి తరఫున మాట్లాడేది ఒక్కరే.

• ఆరోగ్యశ్రీ కింద అయితే ముందే ఆరోగ్యమిత్రను (ఆసుపత్రిలో ఆ పథకం తరఫున సాయం చేసే మనిషిని) కలవండి.

• కేసు కాగితాల నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నిబంధనల్లో ఉంది. రాసి అడగండి.