ప్లాన్ తప్పారని మున్సిపాలిటీ నోటీసు వస్తే: జవాబు, కాంపౌండింగ్ దరఖాస్తు విధానం

తెలంగాణలో ఇంటి యజమానులకు టౌన్ ప్లానింగ్ విభాగం నుంచి షోకాజ్ నోటీసు వచ్చిందంటే, కారణం సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి: సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం) తగ్గించడం, అనుమతి లేని అంతస్తు వేయడం, నివాసానికని అనుమతి తీసుకుని దుకాణాలు పెట్టడం. జవాబు మూడింటికీ ఇవ్వాల్సిందే. రుసుము కట్టి బయటపడే కాంపౌండింగ్ మాత్రం మొదటిదానికే, అదీ కొంతమేరకే.

ముందు గడువు చూసుకోండి. సుప్రీంకోర్టు 2024 నవంబర్ 13న ఇచ్చిన తీర్పు ప్రకారం, కూల్చివేతకు ముందు నోటీసు ఇచ్చి, జవాబుకు స్థానిక చట్టంలోని గడువు లేదా 15 రోజులు, ఏది ఎక్కువైతే అంత సమయం ఇవ్వాలి. నోటీసును రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, కట్టడంపైనా అంటించాలి. రోడ్డు, ఫుట్‌పాత్, నది, చెరువు వంటి చోట్ల ఆక్రమణలకు ఈ రక్షణ లేదు. నోటీసు తీసుకోకుండా తలుపు వేసుకుంటే లాభమేమీ లేదు, గోడమీద అంటించి వెళ్తారు.

జవాబు రాయకముందే కొలతలు తీయించండి. అసలు పని ఇక్కడే ఉంది. మంజూరైన ప్లాన్ పట్టుకుని లైసెన్స్ ఉన్న ఇంజినీరుతో నాలుగు వైపులా టేపు వేయించండి. రోడ్డు విస్తరణలో పోయే స్థలం వదిలాకే ముందువైపు సెట్‌బ్యాక్ లెక్కిస్తారు. చాలామంది ప్రహరీ నుంచి కొలిచి ‘సరిపోయింది’ అనుకుంటారు. కాంపౌండింగ్‌కు వీలున్నది సెట్‌బ్యాక్‌లో 10 శాతమే; పక్క సెట్‌బ్యాక్ 1.5 మీటర్లయితే అది 15 సెంటీమీటర్లే. గోడకు అంటించిన రాయి కూడా ఆ లెక్కలోంచి కొంత తినేస్తుంది.

ఈ 10 శాతం ఎందుకంటే, 2012 ఏప్రిల్ 7 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 కాంపౌండింగ్‌కు పెట్టిన హద్దు అదే. ఎత్తైన భవనాలకు, ముందువైపు సెట్‌బ్యాక్‌కు, అసలు ప్లానే లేకుండా కట్టినవాటికి వర్తించదు. కాంపౌండింగ్ రుసుము కూడా తేలిగ్గా ఉండదు: ఉల్లంఘించిన విస్తీర్ణానికి రిజిస్ట్రేషన్ శాఖ భూమి విలువలో 100 శాతం.

దరఖాస్తులో నోటీసు నంబరు, అనుమతి నంబరు, ఒక్కో ఆరోపణకు విడివిడిగా సమాధానం రాయండి. మంజూరైన ప్లాన్, ఉన్నది ఉన్నట్టు చూపే డ్రాయింగ్, సేల్ డీడ్, పన్ను రశీదు, ఫొటోలు జతచేయండి. వ్యక్తిగత విచారణ కావాలని అందులోనే అడగండి. దరఖాస్తులు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, మీ కాపీమీద ముద్ర, తేదీ వేయించుకోండి. నోటితో చెప్పి వచ్చింది లెక్కలోకి రాదు. పదిశాతం దాటిన భాగాన్ని మీరే తొలగిస్తామని రాస్తే, ఎప్పటిలోగానో తేదీ కూడా వేయండి.

అనుమతి లేని కట్టడానికి ఆస్తిపన్నుతో పాటు పెనాల్టీ వేస్తారు. అది ఏటా కడుతున్నాం కాబట్టి క్రమబద్ధమైపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. పన్ను వసూలు వేరు, అనుమతి వేరు. పెనాల్టీ రశీదు చూపి కూల్చివేతను ఆపలేరు.

కాంపౌండింగ్ ఆమోదం వచ్చాక ఆ ఉత్తర్వు జతచేసి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు (భవనంలో ఉండొచ్చని ఇచ్చే ధ్రువపత్రం) దరఖాస్తు పెట్టండి. అనుమతి సమయంలో తనఖా పెట్టిన 10 శాతం నిర్మాణం విడుదలయ్యేది అది చేతికొచ్చాకే.