సింహపు తోక కోతిని చూడటం, ఫొటో తీయడం: వాల్పారై వెళ్లేవారికి

శ్రీశైలం ఘాట్ రోడ్డు మీదా గుడి మెట్ల మీదా మనకు కనిపించే కోతులను చూసిన కళ్లతో సింహపు తోక కోతిని వెతకడానికి వెళితే నిరాశే మిగులుతుంది. ఇది మనిషి చేతి వైపు చూస్తూ నేల మీద కూర్చునే జంతువు కాదు. పడమటి కనుమల వర్షారణ్యంలో, చెట్ల పైకొమ్మల్లోనే పగలంతా గడిపే జంతువు. నల్లటి ఒళ్లు, ముఖం చుట్టూ వెండి రంగు జూలు, కొసన చిన్న కుచ్చు ఉన్న తోక దీని గుర్తులు. కర్ణాటక, కేరళ, తమిళనాడుల్లోని పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో మరే అడవిలోనూ ఇది లేదు. కన్నడిగులు దీన్ని సింగళీక అంటారు, తమిళులు సింగవాల్ కురంగు అంటారు. సైలెంట్ వ్యాలీలో జలవిద్యుత్ ఆనకట్ట వద్దని కేరళలో సాగిన ఉద్యమానికి ఈ కోతే గుర్తుగా నిలిచింది. ఆ లోయను 1984లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

మొదటిసారి చూడాలనుకునేవారికి నేను సూచించే చోటు తమిళనాడులోని ఆనమలై కొండల మీద ఉన్న వాల్పారై. దట్టమైన అడవి లోపల ఈ కోతుల గుంపును వెతికి పట్టుకోవడం అనుభవజ్ఞులకే కష్టం. వాల్పారైలో మాత్రం తేయాకు తోటల మధ్య అడవి ముక్కలు ముక్కలుగా మిగిలింది. పుదుత్తోట్టం వంటి చోట్ల ఆ ముక్కల్లో బతికే గుంపులు మనుషుల రాకపోకలకు అలవాటుపడినందువల్ల రోడ్డు మీద నుంచే చూడవచ్చు. మన ప్రాంతాల నుంచి వెళ్లేవారు కోయంబత్తూరు వరకు రైల్లో వెళ్లి, పొల్లాచ్చి, ఆళియార్ మీదుగా 40 హెయిర్‌పిన్ మలుపుల ఘాట్ రోడ్డు ఎక్కాలి. దారి పులుల అభయారణ్యం గుండా పోతుంది కనుక అటవీ శాఖ చెక్‌పోస్టులో అప్పటి నిబంధనలు అడిగి తెలుసుకోండి. తోటలు ప్రైవేటు ఆస్తి. అనుమతి లేకుండా లోపలికి దిగకూడదు. ఏనుగులు, చిరుతలు తిరిగే ఊరు కాబట్టి చీకటి పడేసరికి బసకు చేరాలి.

డిసెంబరు నుంచి మే వరకు వాన తక్కువ. జూన్‌లో నైరుతి రుతుపవనం మొదలయ్యాక వెళ్లేవారు జలగలు పట్టకుండా మోకాళ్ల దాకా వచ్చే మేజోళ్లు తప్పక వేసుకోవాలి.

కోతిని వెతకడం చెవులతో మొదలవుతుంది. ఉదయం వెలుగు వచ్చినప్పటి నుంచి తొమ్మిది వరకు, మళ్లీ సాయంత్రం మూడు తర్వాత గుంపు మేతలో ఉంటుంది. మధ్యాహ్నం ఎక్కువగా విశ్రాంతి తీసుకుంటుంది. నడుస్తూ వెతికేవారికి తమ అడుగుల చప్పుడే వినిపిస్తుంది కాబట్టి, ప్రతి వంద అడుగులకూ ఒకసారి ఆగి, రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి. గాలి లేకుండానే ఒక కొమ్మ ఊగడం, కొరికిన పండు ఆకుల మీద పడిన శబ్దం, ఇవే మొదటి ఆనవాళ్లు. మలయాళంలో వెడిప్లావు అనే ముళ్ల కాయల చెట్టు ఈ కోతికి ముఖ్యమైన ఆహారం. పనసచెట్లు కాపు మీదున్నప్పుడు వాటి దగ్గరా చూడవచ్చు. తీరా నల్లటి ఆకారం కనిపించాక అది నీలగిరి కొండముచ్చు కాదని నిర్ధారించుకోవాలి. దాని ఒళ్లూ నల్లనే, కానీ తల వెంట్రుకలు పసుపు కలిసిన గోధుమ రంగు, తోక బాగా పొడవు, వెండి జూలు ఉండదు.

గుంపు దొరికాక చాలామంది చేసే పొరపాటు దాని వెంట నడవడం. మీరు ఒక అడుగు ముందుకు వేస్తే అవి రెండు కొమ్మలు వెనక్కి జరుగుతాయి, ఆ తర్వాత మీకు దొరికేవి వీపుల ఫొటోలే. గుంపు ఎటు మేస్తూ సాగుతోందో గమనించి, ఆ దారికి కాస్త పక్కన, రోడ్డు అంచునే కూర్చుని, అది మీ వైపు వచ్చేదాకా ఎదురు చూడటమే సరైన పద్ధతి. ఇందుకు గంట పట్టవచ్చు, ఒక పూటంతా పట్టవచ్చు. కూర్చున్నవారిని అవి కొంతసేపటికి పట్టించుకోవడం మానేస్తాయి; తల్లి పిల్లకు పేలు చూడటం, బెరడు ఒలిచి పురుగులు ఏరుకోవడం అప్పుడే కనిపిస్తాయి. మగకోతి నోరు బార్లా తెరిచి కోరలు చూపితే అది నిద్ర ఆవులింత అనుకోకండి, పళ్లు ఇకిలిస్తే నవ్వు అనుకోకండి. రెండూ కలవరానికి గుర్తులే. చేస్తున్న పని ఆపి మిమ్మల్నే చూస్తున్నాయంటే మీరు దగ్గరయ్యారని అర్థం. చూపు దించి, మెల్లగా వెనక్కి జరగండి.

ఇక వెలుతురు సంగతి. నల్లటి జంతువు, చీకటి ఆకులు, వెనుక తెల్లటి ఆకాశం కలిసిన దృశ్యం వెలుతురును కొలిచే కెమెరా మీటరును తప్పుదారి పట్టిస్తుంది. ఆకాశం వెనుక ఉంటే కోతి నల్లటి నీడగా మారుతుంది కనుక ఎక్స్‌పోజరును ఒకటి, ఒకటిన్నర స్టాపులు పెంచాలి (ఒక స్టాపు పెంచితే వెలుతురు రెట్టింపు, తగ్గిస్తే సగం). అదే కోతి ఫ్రేమునంతా నింపితే కెమెరా నలుపును బూడిద రంగు చేసి, జూలును తెల్లగా మాడ్చేస్తుంది కనుక అర స్టాపు నుంచి ఒక స్టాపు వరకు తగ్గించాలి. జూలులో వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయా అన్నదే నేను చూసుకునే కొలత. ఆకాశమే లేకుండా చేసుకోవడం ఇంకా మంచిది: కొండవాలు రోడ్డు మీద నిలబడితే కింది వాలులోని చెట్ల పైకొమ్మలు మన కంటి ఎత్తులో ఉంటాయి, వెనుక పచ్చదనం మాత్రమే మిగులుతుంది. మబ్బు పట్టిన రోజు ఈ పనికి చాలా అనుకూలం. 300 లేదా 400 మిల్లీమీటర్ల లెన్స్, కోతి దూకేటప్పుడు కనీసం 1/500 సెకను షట్టర్ వేగం, కూర్చున్నప్పుడు 1/250 ఉంచుకుని, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 3200 దాటినా భయపడకండి. ఐఎస్ఓ పెంచితే ఫొటోలో వచ్చే మచ్చలు తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరిన బొమ్మను బాగుచేయలేం. ఫ్లాష్ వాడకండి.

తేమకు లెన్సులో బూజు పడుతుంది. సంచిలో సిలికా జెల్ పొట్లాలు ఉంచండి.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఆహారం గురించి. మన గుళ్ల దగ్గర కోతికి అరటిపండు పెట్టడం పుణ్యమనే అలవాటుతో పెరిగాం కాబట్టి ఈ మాట మనవాళ్లకు గట్టిగా చెప్పాలి: ఇక్కడ ఒక్క గింజ కూడా వేయవద్దు, తినుబండారాలను బయటికి తీయనే వద్దు. తిండి దొరుకుతుందని తెలిసిన కోతి చెట్టు దిగి రోడ్డు మీదికి వస్తుంది, వాహనాల కింద పడుతుంది, ఇళ్లలో చొరబడి మనుషులతో వైరం తెచ్చుకుంటుంది. ఆడకోతికి రెండేళ్లకు పైగా గడిస్తేగాని మరో పిల్ల పుట్టని జాతిలో ఒక్క చావు కూడా పెద్ద నష్టమే. మన జలుబు, దగ్గు కూడా వాటికి అంటుకోగలవు కనుక ఒంట్లో బాగోలేనప్పుడు దగ్గరికి పోకండి.

గుంపు రోడ్డు దాటేందుకు అక్కడ చెట్టు నుంచి చెట్టుకు వంతెనలు కట్టారు. అయినా కొన్ని నేల మీదుగానే దాటుతాయి. అలాంటప్పుడు వాహనం ఆపి, ఇంజిన్ కట్టేసి, హారన్ కొట్టకుండా ఆగండి. వెనుక వచ్చేవారికి చేయి చూపి ఆపండి. ఒకటి దాటిన తర్వాత ఇంకొకటి రావడానికి చాలాసేపు పట్టవచ్చు కాబట్టి, అవతలి కొమ్మల్లో కదలిక పూర్తిగా ఆగాకే బండి కదిలించండి.