పాత వ్యాన్‌కు మారు ఇంజన్‌ను ఎలా ఎంచుకోవాలి?

ఇంజన్ బోరుకు వచ్చిందని, అంటే సిలిండర్ల లోపలి గోడలు అరిగాయని మెకానిక్ చెప్పగానే విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి సెకండ్ హ్యాండ్ ఇంజన్ బేరమాడటం మనలో చాలామందికి అలవాటు. పాతది ఎందుకు పోయిందో తేల్చుకోకుండా తెచ్చిన ఇంజన్ మళ్లీ అదే కారణంతో పోతుంది కనుక, ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. ఇక్కడ మారుతి ఓమ్నీని ఉదాహరణగా తీసుకుంటున్నాను.

మొదట కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో గేజితో కొలిచే పరీక్ష చేయించండి. ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్ కరెంటు ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్‌తో తిప్పుతూ మూడు సిలిండర్ల రీడింగులూ విడివిడిగా రాసుకోవాలి. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిచినప్పుడు రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగాయని, పెరగకపోతే లోపం వాల్వులలోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో (సిలిండర్ల పైమూత అయిన హెడ్ కింద ఉండే సీలు) ఉందని అర్థం. లోపం హెడ్ వరకే అయితే ఇంజన్ మార్చే అవసరమే ఉండదు.

బోరు అరిగినా, బ్లాక్ (సిలిండర్లు ఉండే ఇంజన్ దిమ్మ) పగలకుండా, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఇంకా గ్రైండింగ్‌కు పనికివచ్చేలా ఉంటే, మంచి లేత్ వర్క్స్‌లో రీబోర్ చేయించి (అరిగిన సిలిండర్‌ను కాస్త పెద్దదిగా తొలిపించి) ఓవర్‌సైజ్ పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయించుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. లోపల ఏం వేశారో మీ కళ్లతో చూస్తారు; పైగా ఇంజన్ నెంబరు మారదు కాబట్టి ఆర్‌సీ జోలికి వెళ్లనక్కరలేదు.

బ్లాక్ పనికిరాదని తేలినప్పుడే మారు ఇంజన్ వెతకాలి. అది అదే మోడల్‌ది, అదే ఇంధనానిది కావాలి. మారుతి 800 కారు ఇంజన్ కూడా 796 సీసీయే కదా అని కొందరు దాన్ని అంటగడతారు. కానీ కారులో ఇంజన్ అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది, ఓమ్నీలో నిలువుగా సీట్ల కింద ఉండి వెనుక చక్రాలను తిప్పుతుంది కనుక బిగింపులు నేరుగా కలవవు. కార్బురేటర్ బండిలో ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) ఇంజన్ పెట్టాలన్నా వైరింగ్, ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె), ఫ్యూయల్ పంపు అన్నీ మార్చాల్సి వస్తుంది.

వీలైతే ఇంజన్‌ను బండిలో నుంచి దించకముందే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి చూడండి. నేను ఒకసారి చూసిన ఇంజన్ వెండి రంగు పెయింటుతో తళతళలాడుతోంది. ఆయిల్ మూత తిప్పి తీస్తే దాని అడుగున మజ్జిగ నురగలాంటి తెల్లటి జిగురు పేరుకుని ఉంది. నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయనడానికి అది గుర్తు. నడుస్తున్న ఇంజన్ ఆయిల్ మూత తీసినప్పుడు పొగ ఉబికి వచ్చినా, సైలెన్సర్ నుంచి నీలి పొగ ఆగకుండా వచ్చినా, ఎంత చౌకగా ఇచ్చినా వద్దనండి. నెంబరు చుట్టూ ఇనుమును ఆకురాయితో రాచి మళ్లీ పంచ్ చేసినట్లు కనిపిస్తే అక్కడ ఇంకొక్క మాట కూడా మాట్లాడవద్దు.

కొన్న ఇంజన్‌ను బండిలోకి ఎక్కించకముందే టైమింగ్ బెల్టు, ఆయిల్ సీళ్లు, వాటర్ పంపు, క్లచ్ ప్లేటు, మౌంటింగులు మార్పించండి. తరువాత మార్చాలంటే ఆ కూలీ మళ్లీ పడుతుంది. రేడియేటర్‌ను తప్పక శుభ్రం చేయించి, థర్మోస్టాట్ పరీక్షించాలి. మే నెల ఎండలో బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బండికి మూసుకుపోయిన రేడియేటర్ ఉంటే, ఎంత మంచి ఇంజనైనా హెడ్ వంగి కూర్చుంటుంది.

ఇక కాగితాలు. అమ్మేవారి నుంచి ఇంజన్ నెంబరు వేసిన బిల్లు, ఆ ఇంజన్ ఏ బండిదో దాని ఆర్‌సీ జిరాక్సు తీసుకోండి. ఇంజన్ మార్చడానికి రవాణా శాఖ కార్యాలయంలో ముందే అనుమతి పొందడం మంచిది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా మారిస్తే 14 రోజులలోగా ఆర్‌సీతో సహా తెలియజేయాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే వారి లిఖితపూర్వక సమ్మతి కూడా తీసుకోండి. ఆర్‌సీలో కొత్త నెంబరు ఎక్కాక, ఇన్సూరెన్స్ పాలసీలోనూ అదే నెంబరు వేయించండి.