ఆల్ప్స్‌లో తొలిసారి వయా ఫెరాటా: కోరాపుట్, రాయగడ తెలుగువారికి

దేవమాలి (1672 మీటర్లు), మహేంద్రగిరి వంటి మన కొండలెక్కిన అలవాటు కాళ్ల బలానికి పనికివస్తుంది గాని, రాతికి బిగించిన ఉక్కుతాడు వెంట, ఇనుప మెట్లపై సాగే వయా ఫెరాటాకు అదొక్కటే చాలదు. మార్గం ఎంత కష్టమో చెప్పడానికి ఆస్ట్రియాలో వాడే ఎ (అతి తేలిక) నుంచి ఇ (చాలా కష్టం) వరకు గల శ్రేణులలో తొలిసారి ఎ మార్గాన్ని, గైడు తోడుంటే బి మార్గాన్ని ఎంచుకోవాలి.

హెల్మెట్, హార్నెస్ (నడుముకు, తొడలకు బిగించే కట్టు), చేతి తొడుగులు, జారినప్పుడు కుదుపును తగ్గించే రెండు కొక్కేల పట్టీ తప్పనిసరి. ఆల్ప్స్ ప్రాంతపు ఊళ్లలో ఇవి అద్దెకు దొరుకుతాయి కనుక బరంపురం నుంచి మోసుకుపోనక్కరలేదు.

అసలు మెలకువ కొక్కేలు మార్చడంలో ఉంది. తాడును రాతికి పట్టి ఉంచే మేకు దగ్గరకు చేరగానే ఒక కొక్కేన్ని తీసి, మేకుకు అవతల తగిలించి, అది మూసుకున్నదని చూసుకున్న తరువాతనే రెండవదానిని తీయాలి. రెండు మేకుల నడుమ ఒక్కరే ఉండాలి, ఎందుకంటే పైవారు జారితే కిందివారి మీదనే పడతారు. బరువును చేతులపై గాక కాళ్లపై మోపాలి. 40 కిలోలకు తక్కువ బరువున్న పిల్లలకు పట్టీ ఒక్కటే చాలదు, గైడు తాడు కూడా కావాలి.

వేసవిలో అక్కడ మధ్యాహ్నం వేళ ఉరుములు సాధారణం గనుక, ఉక్కుతాడు పిడుగుకు దారి అవుతుంది గనుక, తెల్లవారగానే బయలుదేరాలి. వేసవి మధ్యాహ్నాలు దాటాక వచ్చే ఉరుముల గాలివానను, కాలబైశాఖిని, ఎరిగిన మనవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.