మధ్యవేలి మీద ప్లాస్టర్

డాలస్‌లో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి గంటసేపు తుపాకీ కాల్చానంటే చాలు, మధ్యవేలి కణుపు దగ్గర చర్మం లేచిపోయేది. నా ఏఆర్-15 రైఫిల్‌తో వచ్చిన ఏ2 రకం పిడిలో రెండు చికాకులు: ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) వెనక సందు, వేళ్ల మధ్య ఇమడాల్సిన బొడిపె. ఆ బొడిపె ఎవరి చేతికి కుదిరిందో గానీ, నాకు సరిగ్గా వేలి మీదకే వచ్చేది.

సందులో రబ్బరు ప్లగ్ పెడితే ఒరుపు తగ్గింది, బొడిపె అలాగే ఉంది. చివరికి పిడే మార్చేశా. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, లోపలున్న ఒక్క స్క్రూ విప్పాను. పిడితోపాటు సేఫ్టీ మీట తాలూకు సన్నటి స్ప్రింగు కూడా ఊడి కార్పెట్‌లో పడింది! అది పిడి పైభాగంలోనే కూర్చుంటుందని అప్పుడు తెలిసింది. నేనూ మా ఆవిడా టార్చి వేసి అరగంట వెతికాం.

కొత్త పిడికి బొడిపె లేదు, దాని పైకొస సందును కప్పేస్తుంది. స్ప్రింగు తిరిగి పెట్టి, సేఫ్టీ పనిచేస్తోందో లేదో చూసుకున్నాకే రేంజ్‌కి వెళ్లా. ప్లాస్టర్ డబ్బా తీయలేదు.