తరగతి పాఠాల రికార్డింగ్ – 3వ భాగం: మైకు ఎక్కడ పెట్టాలి?

కిందటి భాగంలో కెమెరాను స్టాండుకు బిగించి, బోర్డు మొత్తం ఫ్రేములోకి వచ్చేలా సర్దుకున్నాం. ఈసారి శబ్దం సంగతి చూద్దాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చాలామంది డబ్బంతా కెమెరా మీద పోసి, మైకు దగ్గరకొచ్చేసరికి పిసినారులైపోతారు. నన్నడిగితే ఇది తలకిందుల లెక్క. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా విద్యార్థి సర్దుకుంటాడు. మాట తెలియకపోతే వీడియో కట్టేస్తాడు.

గది వెనక పెట్టిన ఫోన్లో గొంతు బావిలోంచి వచ్చినట్టు ఎందుకుంటుంది? నోటి నుంచి నేరుగా వచ్చే శబ్దం, దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గోడలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని మాత్రం గదిలో ఎక్కడైనా దాదాపు ఒకేలా ఉంటుంది. అంటే వెనక్కి జరిగేకొద్దీ మాట పలచబడి గోల మిగులుతుంది. ఎంత ఖరీదైన మైకుకైనా ఇదే గతి. అందుకే దూరంగా ఉన్న మంచి మైకు కన్నా దగ్గరున్న చవక కాలర్ మైకు నయం.

దాన్ని గడ్డానికి జానెడు కింద, ఛాతీ మధ్యలో తగిలించుకోండి. ఒక పక్కకు పెడితే, తల అటువైపు నుంచి తిప్పినప్పుడల్లా గొంతు తగ్గిపోతుంది. మెడలో ఐడీ కార్డు ఉంటే తీసేయండి, మైకుకు రాసుకుని బరబరమంటుంది.

ఇక లెవెల్, అంటే మైకు శబ్దాన్ని ఎంత గట్టిగా రికార్డ్ చేయాలన్న సెట్టింగ్. "హలో, మైక్ టెస్టింగ్" అని మెల్లగా గొణిగి సెట్ చేస్తే, అసలు పాఠంలో గొంతు లేచేసరికి శబ్దం పగిలిపోతుంది. పాఠం చెప్పే గొంతుతోనే మాట్లాడి చూడండి. గట్టిగా పలికిన చోట, రికార్డింగ్‌లో శబ్దం స్థాయిని చూపించే మీటరు -12, -6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. మీటరు పై హద్దైన సున్నాకు తగిలి పగిలిన శబ్దాన్ని తర్వాత పూర్తిగా బాగుచేయడం కుదరదు, కాస్త తక్కువైతే మాత్రం పెంచుకోవచ్చు. ఆటో గెయిన్ (లెవెల్‌ను తనంతట తానే పెంచి తగ్గించే సెట్టింగ్) ఉంటే ఆపేయండి. మీరు బోర్డు మీద రాస్తూ ఆగినప్పుడల్లా అది ఫ్యాను రొదను పైకి లాగుతుంది. శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలన్న లెక్క) 48 కిలోహెర్ట్జ్ పెట్టండి, వీడియోకి అదే వాడుక.

కాలర్ మైకుకు విద్యార్థుల ప్రశ్నలు సరిగ్గా అందవు. ఆన్‌లైన్లో చూసేవాళ్లకు కాసేపు నిశ్శబ్దం, ఆ వెంటనే "అవును, కానీ రెండో స్టెప్పులో కాదు" అన్న మీ జవాబు! ఏమడిగారో ఎవరికి తెలుసు? "ఇక్కడ మైనస్ ఎందుకొచ్చిందని అడుగుతున్నారు" అని ప్రశ్నను మీ నోటితో ఒకసారి చెప్పి, అప్పుడు జవాబులోకి వెళ్లండి. వెనక వరుసవాళ్లకూ ఇది మేలే, వాళ్లకూ ఆ ప్రశ్న సగమే వినపడి ఉంటుంది.

అభ్యాసం: ఫ్యాన్లు వేసి, ఒకే పేరాను ఫోను గది వెనక పెట్టి ఒకసారి, మీ ముందున్న బల్ల మీద పెట్టి ఒకసారి, కాలర్ మైకుతో ఒకసారి చదివి రికార్డ్ చేయండి. గదిలో జనం లేకపోతే ప్రతిధ్వని ఇంకాస్త ఎక్కువే ఉంటుంది, కంగారు పడకండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఫోను స్పీకర్లో సన్నని రొద తెలియదు. వచ్చే భాగంలో బోర్డు మీద పడే లైట్ల మెరుపును వదిలించుకుందాం.