మెదడు ఎంఆర్‌ఐతో లెక్కలు – 3వ పాఠం: అగ్గిపుల్లల్ని పాచికలు చేయడం

పోయిన పాఠంలో డైకామ్ ఫైళ్లను (స్కానర్ ఇచ్చేవి) నిఫ్టీగా (విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లు చదివే రూపం) మార్చుకున్నాం. ఈ పాఠంలో దాని వాక్సెళ్లను, అంటే బొమ్మను కూర్చే చిన్న దిమ్మెలను, అన్ని వైపులా ఒకే కొలతకు తెచ్చుకుందాం. ఆ ఫైలును నేరుగా విశ్లేషణకు ఇచ్చేయకండి. ముందు ఎఫ్‌ఎస్‌ఎల్ (మెదడు స్కాన్‌లను విశ్లేషించే సాఫ్ట్‌వేర్)లోని ఎఫ్‌ఎస్‌ఎల్‌ఇన్ఫో కమాండ్ పక్కన ఫైలు పేరు కొట్టి చూడండి. పిక్స్‌డిమ్ 1, 2, 3 అని వచ్చేవే వాక్సెల్ కొలతలు, మిల్లీమీటర్లలో.

ఆసుపత్రిలో డాక్టరు చూడడానికి తీసిన స్కాన్ అయితే ఇవి 0.45, 0.45, 6 లాగా ఉండొచ్చు. పరిశోధన కోసం తీసిన టీ1 (మెదడు నిర్మాణాన్ని స్పష్టంగా చూపే రకం) స్కాన్‌లో సాధారణంగా 1, 1, 1 దగ్గర్లో ఉంటాయి. మొదటివి మూడూ గుణించండి: 1.215 ఘన మిల్లీమీటర్లు. అంటే ఘనపరిమాణంలో రెండూ ఇంచుమించు ఒకటే! ఆకారంలోనే ఉంది తేడా అంతా. పరిశోధన స్కాన్ వాక్సెల్ పాచిక, ఆసుపత్రి స్కాన్‌ది అగ్గిపుల్ల. అగ్గిపుల్ల ఒక కొస గ్రే మ్యాటర్‌లో, రెండో కొస వైట్ మ్యాటర్‌లో ఉన్నా (ఇవి మెదడులోని రెండు రకాల కణజాలం) స్కానర్ దానికి ఇచ్చేది ఒకే అంకె.

ఆ 6లో ఇంకో మెలిక ఉంది. స్లైస్ మందం 5, స్లైస్‌కీ స్లైస్‌కీ మధ్య ఖాళీ 1 అయినా హెడర్‌లో (ఫైలు వివరాలుండే భాగంలో) పడేది 6, ఎందుకంటే అది ఒక స్లైస్ మధ్య నుంచి తర్వాతి స్లైస్ మధ్యకు ఉన్న దూరం. డైకామ్‌లో మందం, దూరం విడివిడిగా ఉంటాయి. రెండూ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి, తర్వాత ఎవరూ చెప్పరు.

ఇక మార్పిడి. ఫ్రీసర్ఫర్ (మెదడు భాగాలను కొలిచే సాఫ్ట్‌వేర్)లో ఎంఆర్‌ఐ_కన్వర్ట్ కమాండ్‌కు కన్‌ఫార్మ్ ఆప్షన్ ఇస్తే 1 మి.మీ. వాక్సెళ్లతో 256×256×256 పెట్టెలో పెట్టేస్తుంది. పని నిమిషంలో అయిపోతుంది, బొమ్మ నున్నగా కనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. 24 స్లైస్‌లు, ఒక్కోటి 6 మి.మీ. చొప్పున 144 మి.మీ. ఎత్తు. ఇప్పుడు ఆ ఎత్తులో 144 పొరలు వచ్చాయి కదా, కొలిచినవి మాత్రం ఆ 24 స్లైస్‌లే. మిగతాదంతా పక్క స్లైస్‌లను చూసి వేసిన అంచనా. పైగా అడ్డంగా 0.45 ఉన్న వివరాన్ని 1కి దించి కొంత పోగొట్టుకున్నాం కూడా.

అంచనా వేసే పద్ధతి మన చేతిలో ఉంటుంది. మామూలు బొమ్మకు లీనియర్ (పక్క విలువల సగటు లాంటిది) లేదా క్యూబిక్ చాలు. సింక్ అనే పద్ధతి పదునుగా ఉంటుంది కానీ అంచుల దగ్గర అలలు పుట్టిస్తుంది, ఒక్కోసారి మైనస్ విలువలు కూడా.

లేబుల్ ఫైలుకు (ప్రతి వాక్సెల్ మెదడులో ఏ భాగమో అంకెతో చెప్పే ఫైలు) మాత్రం నియరెస్ట్ నైబర్ (దగ్గరి వాక్సెల్ విలువనే తీసుకునే పద్ధతి) తప్ప ఇంకోటి వాడకండి. నేను ఒకసారి తొందరలో లీనియర్ వదిలేశాను. ఫ్రీసర్ఫర్ లెక్కలో ఎడమ హిప్పోకాంపస్ (జ్ఞాపకాలకు సంబంధించిన భాగం) 17, ఏమీ లేని చోటు 0. రెండిటికీ మధ్య సగటు వేస్తే 8.5, దశాంశం కత్తిరిస్తే 8 వస్తుంది. 8 అంటే ఎడమ సెరిబెల్లం కార్టెక్స్ (తల వెనక కింద ఉండే చిన్నమెదడు పైపొర). హిప్పోకాంపస్ చుట్టూ సెరిబెల్లం తొడుగు! నవ్వొచ్చింది, తర్వాత రెండు రోజుల పని మళ్లీ చేశాను.

ఇంకో జాగ్రత్త: రీశాంప్లింగ్ (ఇలా కొత్త వాక్సెళ్లకు మార్చడం) ఒక్కసారే. తల నిటారుగా సర్దడానికి ఒకసారి, టెంప్లేట్‌కు (ప్రామాణిక మెదడు బొమ్మకు) ఒకసారి, సైజుకు ఒకసారి అంటూ పోతే ప్రతిసారీ బొమ్మ మసకబారుతుంది. ఈ మార్పుల మాట్రిక్స్‌లను ముందు గుణించి, చివర్లో ఒకేసారి వర్తింపజేయండి.

సింథ్‌ఎస్‌ఆర్ వాడొచ్చా అంటే, వాడొచ్చు. మందపాటి స్కాన్ నుంచి 1 మి.మీ. టీ1 లాంటి బొమ్మను న్యూరల్ నెట్‌వర్క్ తయారుచేస్తుంది. వాల్యూమ్ లెక్కలకు నాకు నచ్చింది. కానీ దెబ్బతిన్న భాగాన్ని మామూలు కణజాలంలా పూడ్చేస్తుంది, కాబట్టి స్ట్రోక్ మచ్చను వెతకడానికి దాని జోలికి పోవద్దు. కార్టెక్స్ (మెదడు పైపొర) మందం సగటున 2.5 మి.మీ.; దాన్ని 6 మి.మీ. స్లైస్‌ల నుంచి సాధారణ రీశాంప్లింగ్‌తో కొలవబోతే అంకె వస్తుంది, అర్థం ఉండదు. వెంట్రికిల్స్ (మెదడులోని ద్రవం నిండిన గదులు) పెద్దవి కాబట్టి వాటిని ధైర్యంగా కొలవండి.

అభ్యాసం: మీ ఫైలును లీనియర్‌తో ఒకసారి, నియరెస్ట్ నైబర్‌తో ఒకసారి మార్చి, ఫ్రీవ్యూలో (ఫ్రీసర్ఫర్‌తో వచ్చే, బొమ్మలు చూసే ప్రోగ్రామ్) పక్క నుంచి చూడండి. రెండోదానిలో మెట్లు కనిపిస్తాయి. ఒక్కో మెట్టు ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి ఉంచండి, 4వ పాఠంలో పుర్రె తీసేసేటప్పుడు కావాలి.